నగల పెట్టె మూతకు ఏది మేలు: నిండు చెక్కా, వెనీరా?

ఇరుగుడు (రోజ్‌వుడ్) చెక్కతో మా అమ్మాయికి ఒక నగల పెట్టె చేశాను. 12 అంగుళాల పొడవు, 8 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల ఎత్తు. మూత ఒకే పలక. దాని చుట్టూ అంచుకు అంగుళం లోపలగా ఇత్తడి తీగ పొదిగాను. శ్రావణంలో పని ముగిసింది. పాలిష్ ఆరాక కళ్లు మూసుకుని తడిమితే తీగ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో వేలికి తెలిసేది కాదు. మరుసటి వైశాఖంలో బీరువాలోంచి తీసి చూస్తే, పొడవు వైపు గీతలు రెండూ చెక్కు చెదరలేదు. వెడల్పు వైపు గీతలు మాత్రం నడిమధ్యన విల్లులా వంగి, పాలిష్ పొరను చీల్చుకుని పైకి లేచాయి. జిగురులో తప్పు లేదు, తీగలో తప్పు లేదు. ఆ మూతకు నిండు చెక్క వాడడమే తప్పు.

చెక్క తేమను పీల్చుకుంటుంది, వదులుతుంది. వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుదించుకుంటుంది. అయితే అన్ని వైపులా ఒకేలా కాదు. నార, అంటే చెక్కలో పొడవునా సాగే పోగులు, వాటి వెంబడి ఆ మార్పు లేదన్నంత తక్కువ. నారకు అడ్డంగానే అసలు కదలిక. హైదరాబాదులాంటి చోట వర్షాలకూ నడివేసవికీ మధ్య ఇంట్లో ఉన్న చెక్కలో తేమ 5 శాతం మారినా, 8 అంగుళాల టేకు పలకో ఇరుగుడు పలకో కోసిన తీరును బట్టి 1 నుంచి 2 మిల్లీమీటర్ల దాకా వెడల్పు తగ్గుతుంది. ఇత్తడికి తేమతో పని లేదు. ఎండకు సాగినా, 20 డిగ్రీల తేడాకు ఆ పొడవున మిల్లీమీటరులో పదోవంతు కూడా సాగదు. చుట్టూ ఉన్న చెక్క దగ్గరపడి నొక్కుతుంటే తీగ ఎటు పోతుంది? పైకే లేస్తుంది. పొడవు గీతలు నార వెంబడి ఉన్నాయి కాబట్టి బతికాయి.

వెనీర్ అంటే వేరే పలక మీద అతికించే పల్చని చెక్క రేకు. ఇది అర్థమయ్యాక, నిండు చెక్క గొప్పదా వెనీర్ గొప్పదా అన్న వాదన నాకు మరోలా కనిపించింది. పెట్టెలో ఏ భాగం ఎటు కదులుతుంది, దాని మీద ఏం పొదుగుతున్నాం, అది కదలికకు తోడు వెళ్తుందా అడ్డుపడుతుందా అని చూసుకోవాలి. అప్పుడు ఏ భాగానికి ఏది మేలో దానంతట అదే తేలుతుంది.

మన ఇళ్లలో వెనీర్ అంటే చిన్నచూపు ఉంది. "లోపల ప్లైవుడ్డా?" అని అడిగే గొంతులోనే తీర్పు వినిపిస్తుంది. నాసిరకం టేబుళ్లకు పైన రేకు అతికించి టేకు అని అమ్మిన దుకాణాల పుణ్యమది. కానీ తెలుగునేల మీద తయారైన పెట్టెల్లో ప్రపంచమంతా మెచ్చినవి ఏవని అడిగితే, 18వ శతాబ్దపు విశాఖపట్నం పెట్టెలనే చెప్పాలి. అప్పటి పనివాళ్లు ఇంగ్లీషు వర్తకుల కోసం మొదట ఇరుగుడు, నల్లచేవ చెక్కల్లో దంతం పొదిగారు. తర్వాత చెక్క పెట్టె మొత్తాన్ని పల్చని దంతపు రేకులతో కప్పేసి, రేకు మీద సన్నగా గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయవి. లోపల ఒకటి, పైన మరొకటి. వెనీర్ పని అంటే అదే కదా! ఆ విద్య మన తీరానిదే అయినప్పుడు వెనీర్ పెట్టె చేయడానికి సంకోచం దేనికి?

అలాగని నిండు చెక్కను తీసిపారేయను. దానికి ఉన్న సుగుణం వెనీర్‌కు ఎప్పటికీ రాదు: ముప్పై ఏళ్ల తర్వాత గీతలు పడితే చిత్రిక పట్టుకుని రెండు తోపులు తోస్తే మళ్లీ కొత్త పలక. వెనీర్ మందం అర మిల్లీమీటరే. ఉప్పు కాగితం నాలుగుసార్లు ఎక్కువ రుద్దితే లోపలి పలక బయటపడుతుంది, ఆపైన దిద్దుబాటు లేదు. మూల తగిలి రేకు లేచిపోతే అతుకు కనిపించకుండా వేయడానికి చేయి తిరిగిన పనివాడు కావాలి. కుంకుమ భరిణె, ఉంగరాల డబ్బీ లాంటి 3 అంగుళాల వస్తువుకు నిండు చెక్కే మేలు. అంత చిన్న వెడల్పులో కదలిక లెక్కలోకి రాదు.

పెద్ద పెట్టెకైనా పక్క పలకలు నిండు చెక్కతో చేస్తే ఇబ్బంది లేదు. నాలుగు పలకల్లోనూ నార పెట్టె చుట్టూ అడ్డంగా తిరుగుతుంది. ఉబ్బినా తగ్గినా నాలుగూ ఎత్తులోనే కలిసి మారతాయి, మూలల జోడింపుకు ఒత్తిడి ఉండదు. పక్కల చుట్టూ ఇత్తడి గీత తిప్పాలన్నా అది నార వెంబడే పోతుంది. నా పెట్టెలో పక్కలకు పొదిగిన తీగ ఈనాటికీ పట్టు వదల్లేదు. చిక్కంతా మూతతోనే. వెడల్పైన పలక, నాలుగు వైపులా అంచు గీత, మధ్యలో ఒక పువ్వు. ఇలాంటి మూతకు మాత్రం కదలని పలక మీద వెనీర్ వేయడమే మేలని కచ్చితంగా చెబుతాను.

కదలని పలక అంటే ప్లైవుడ్డా, చెక్క పీచును జిగురుతో అదిమి చేసే ఎండీఎఫా? ప్లైవుడ్‌లో పొరలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి కాబట్టి ఏ వైపూ కదలనివ్వవు. మర (స్క్రూ) బాగా పడుతుంది. కానీ చౌక ప్లైవుడ్‌లో లోపలి పొరల మధ్య ఖాళీలు ఉంటాయి. పైపొర ఎగుడుదిగుళ్లు ఆరు నెలల తర్వాత వెనీర్ మీదికి తేలి, పాలిష్ వెలుతురులో అలల్లా కనిపిస్తాయి. ఎండీఎఫ్ అద్దంలా సమంగా ఉంటుంది. వెనీర్‌కు దానికంటే మంచి నేల దొరకదు. దాని బలహీనత అంచుల్లో ఉంది. అంచులో మర బిగిస్తే చీలుతుంది, నీళ్లు తగిలితే బూరెలా ఉబ్బుతుంది. నేను 9 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ వాడి, నాలుగు అంచులకూ అర అంగుళం నిండు చెక్క పట్టీలు అతికిస్తాను. పట్టీలు సన్నవి కాబట్టి అవి పెద్దగా కదలవు. మరలు వాటిలోకే వెళ్తాయి, మూల దెబ్బ తగిలినా అక్కడ రేకు లేదు. నాణ్యమైన ప్లైవుడ్ చేతిలో ఉంటే అదీ మంచిదే. నాసిరకం ప్లైవుడ్, మంచి ఎండీఎఫ్ రెండే దొరికితే మాత్రం రెండో ఆలోచన వద్దు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ప్లైవుడ్ దుకాణంలో వెనీర్ అడిగితే చాలాచోట్ల 8 అడుగులు, 4 అడుగుల షీటు చూపిస్తారు. అది అప్పటికే పల్చని ప్లై మీద అతికించిన సరుకు, దాదాపు 4 మిల్లీమీటర్ల మందం. బీరువా తలుపులకు బాగుంటుంది కానీ పెట్టెకు పనికిరాదు, అంచున పొరలు కనిపిస్తాయి. ఏ ప్లైకీ అతికించని విడి రేకు కావాలని గట్టిగా అడగాలి. ఒకే దుంగ నుంచి వరసగా తీసిన రెండు రేకులు దొరికితే, పుస్తకం తెరిచినట్టు పక్కపక్కన పరిచి అతికించవచ్చు. మూత మీద గీతలు రెండు వైపులా అద్దంలో ప్రతిబింబంలా కలుస్తాయి. ఈ అందం నిండు చెక్కలో కావాలంటే మందమైన పలకను నిలువునా చీల్చాలి, చీల్చాక అవి వంకర తిరగకుండా చూసుకోవాలి.

అతికించడంలో మరిచిపోకూడనిది ఒకటుంది. పైన ఎంత మందం రేకు వేశారో కింద కూడా అంతే మందం రేకు, నార అదే దిశలో వేయాలి. ఒకవైపే వేస్తే జిగురు తడి ఆరేకొద్దీ రేకు లాగి, మూత దోనెలా వంగుతుంది. లోపలి వైపు ఎవరు చూస్తారులే అనుకుని వదిలేస్తే, ఆ నిర్లక్ష్యం నెల తిరక్కుండానే మూత మూలల్లో వెలుతురు సందుగా కనిపిస్తుంది. తెల్ల జిగురు పలక మీద పల్చగా పూసి, రేకు పరిచి, పైన ఒక పాత ప్లాస్టిక్ కాగితం వేసి, రెండు మందమైన పలకల మధ్య క్లాంపులతో బిగించి రాత్రంతా వదిలేయండి. కాగితం లేకపోతే రేకు రంధ్రాల్లోంచి ఊరిన జిగురు పై పలకకూ అంటుకుంటుంది.

పొదగడానికి ఇత్తడా, ఎముకా, చెక్కా? దంతం మాట ఇక లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో చేసిన సవరణ మన దేశపు ఏనుగు దంతపు వ్యాపారానికి తెరదించింది, మంచిదైంది. ఆ తెలుపు కోసం ఒంటె ఎముక వాడేవారున్నారు. నాకు నచ్చేది అంకుడు కర్ర. ఏటికొప్పాక లక్క బొమ్మలు చేసే కర్ర అదే. నార సన్నం, రంగు లేత వెన్న. ఒకటిన్నర మిల్లీమీటర్ల పట్టీ కోసి గాడిలో దిగ్గొడితే జిగురు తడికి ఉబ్బి తానే బిగుసుకుంటుంది. పైన మిగిలింది ఉలితో ఒక్క లాగులో లేచిపోతుంది. మొదటిసారి పొదిగేవారికి అంకుడే మేలు.

ఇత్తడి మెరుపు వేరు, దాని కష్టమూ వేరు. వెనీర్ మీద ఇత్తడి పొదిగినప్పుడు గాడి లోతు చాలా ముఖ్యం. తీగ చెక్కకంటే కాగితం మందమంతే పైకి ఉండాలి. ఎక్కువ ఉంటే దాన్ని ఆకురాయితో అరగదీసేలోపు పక్కనున్న అర మిల్లీమీటరు రేకు అరిగిపోతుంది. జోరుగా రాస్తే తీగ వేడెక్కి కింది అరాల్డైట్ జిగురు పట్టు వదులుతుంది. నాలుగు రాపిళ్లు, ఒకసారి వేలితో తాకి చూడడం, మళ్లీ నాలుగు రాపిళ్లు. ఇక ఇత్తడి పొడి. అది పక్కనున్న లేత చెక్క రంధ్రాల్లో దూరితే బూడిద రంగు మచ్చ పడుతుంది, ఎంత తుడిచినా పోదు. రాపిడికి ముందే మూతంతా స్పిరిట్‌లో కరిగించిన లక్క ఒక పూత వేస్తే రంధ్రాలు మూసుకుంటాయి. చివర్లో ఉప్పు కాగితం బదులు పదునైన ఉక్కు రేకుతో గీకితే పొడి రేగదు, రేకులా లేచివస్తుంది.

నిండు చెక్కలో ఇత్తడి నిలవదని కాదు. ఉత్తరప్రదేశ్‌లోని మైన్‌పురి పనివాళ్లు శీషం చెక్కలో తీగ కొట్టి చేసే తార్కశీ చూడండి. బారెడు తీగను ఒకే గీతగా వాళ్లు నాటరు. పొట్టి ముక్కలు, వంపులు, చుక్కలా చుట్టిన చిన్న తీగలు. ముక్క పొట్టిదైతే దాని మీద పడే ఒత్తిడీ చిన్నదే. నారకు అడ్డంగా 6 అంగుళాల తీగ ఒక్కటిగా వేసిన నేను ఆ కిటుకు ముందే గమనించి ఉండాల్సింది.

మూతను పెట్టెకు కలిపే బందుల విషయానికి వస్తే మూడు రకాలు. మామూలు రెండు రెక్కల ఇత్తడి బందు, మూత నిలబడేలా పక్కకు వంపు తిరిగిన చేయి ఉన్న బందు, రంధ్రంలో దిగగొట్టే గొట్టం బందు. రెండోది చూడముచ్చటగా ఉంటుంది, మూత వెనక్కి పడదు, గొలుసు అక్కర్లేదు. కానీ గాడి ఒక వెంట్రుక తప్పినా మూత మెలితిరుగుతుంది. గొట్టం బందు చిన్న డబ్బీలకు సరే. మన కొలతల పెట్టెకు మామూలు బందు, పక్కన సన్న గొలుసు చాలు. దుకాణానికి జేబులో చిన్న అయస్కాంతం తీసుకెళ్లండి. పట్టుకుంటే లోపల ఇనుము, పైన ఇత్తడి పూత. ఒక్క వానాకాలానికే మోకీలు దగ్గర తుప్పు తొంగిచూస్తుంది. ఇత్తడి మర మెత్తన, గట్టి చెక్కలో బిగిస్తే తల తెగి చేతికి వస్తుంది. ముందు సన్నగా రంధ్రం చేసి, అదే సైజు ఇనుప మర బిగించి తీసేసి, ఆ దారిలో కొవ్వొత్తి మైనం రాసిన ఇత్తడి మర పంపాలి.

పాలిష్‌కు నా ఓటు లక్కకే. పీయూ (పాలియురేతేన్) పూత గట్టిది, నీళ్లకు చలించదు. కానీ నగల పెట్టె మీద ఎవరూ వేడి గ్లాసు పెట్టరు. లక్క పూత ఎప్పుడు మసకబారినా స్పిరిట్ గుడ్డతో మళ్లీ మెరిపించవచ్చు. అంకుడు తెలుపు పచ్చబడకుండా ఉండాలంటే రంగు తీసిన లక్క వాడాలి.

వైశాఖంలో విఫలమైన ఆ మూతను నేను పారేయలేదు. తీగలు పీకేసి, పలకను అర అంగుళం పట్టీలుగా కోశాను. ఎండీఎఫ్ పలక నాలుగు అంచులకూ వాటినే అతికించి, నడుమ ఇరుగుడు రేకు పరిచి, అంచు గీతకు అంకుడు పొదిగి, మధ్య పువ్వుకు మాత్రం ఇత్తడి ముక్కలు వాడాను. రెండు వేసవులు గడిచాయి. గోరుతో గీసి చూస్తే ఏ గీతా తగలడం లేదు. బందుల మరలు కూర్చున్నది మాత్రం ఆ పాత మూత చెక్కలోనే.