కట్టెల స్టవ్: బూడిద సొరుగు లేనిది దొరికితే అదే కొనండి

కట్టెల స్టవ్ కొనడానికి వెళ్తే, అమ్మేవాళ్లు గాజు తలుపు తర్వాత గర్వంగా చూపించేది అడుగున ఉండే బూడిద సొరుగునే. వంగి పారతో ఎత్తే పని లేదు, సొరుగు లాగి పారబోసుకుంటే చాలు అంటారు. కొత్తలో నాకూ అదే బాగా నచ్చింది. చూడ్డానికి వచ్చినవాళ్లకు లాగి మరీ చూపించేవాణ్ణి. కొన్ని చలికాలాలు గడిచాక, ఈ స్టవ్‌లో నాకు గిట్టనిది ఏమైనా ఉందంటే ఆ సొరుగొక్కటే. ఎన్ని కిలోవాట్లు, ఎంత బరువు, పొగగొట్టం ఎంత వెడల్పు అన్నవి కాగితాల్లో ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను.

బొగ్గు మండాలంటే కింద నుంచి గాలి తగలాలి. అందుకే దానికి కమ్మీలు, కమ్మీల కింద ఖాళీ, ఆ ఖాళీలో బూడిద పడటానికి సొరుగు. కట్టె సంగతి వేరు. కట్టె వేడెక్కితే అందులోంచి వాయువులు బయటికొస్తాయి, మంటలో ఎక్కువ భాగం వాటిదే. వాటికి కావాల్సిన గాలి పైనుంచి అందాలి. అడుగున రెండు మూడు సెంటీమీటర్ల బూడిద పరుచుకుని ఉంటే కట్టె ఇంకా బాగా కాలుతుంది, నిప్పులు వేడి పోగొట్టుకోవు. కట్టెలూ బొగ్గూ రెండూ కాల్చుకోవచ్చని చెప్పే స్టవ్‌లలో బొగ్గు కోసం పెట్టిన ఏర్పాటే కట్టెలు మాత్రమే కాల్చే నాలాంటివాళ్ల నెత్తిన పడుతుంది. ఇదంతా నాకు మొదట్లో తెలియదు, ఎవరూ చెప్పలేదు కూడా.

మంచి చలిలో ఒక రాత్రి, పడుకునే ముందు నాలుగు పేళ్లు వేసి, అవి అంటుకున్నాక ఎప్పటిలాగే లోపలికి గాలి వదిలే మీట పూర్తిగా మూసేశాను. మామూలుగా కాసేపటికే మంట నెమ్మదించి, పేళ్ల మీద బద్ధకంగా కదులుతుంది. ఆ రాత్రి నెమ్మదించలేదు. మీట మూసినా మంట పెరుగుతున్నట్టే అనిపించింది. లోపల కొలిమి తిత్తి పెట్టి ఎవరో ఊదుతున్నట్టు ఒకటే హోరు. మా గొట్టం ఒంటి పొర ఉన్నది, దాని మీద అయస్కాంతంతో అతుక్కునే థర్మామీటర్ ఉంది. ముల్లు సుమారు 120 నుంచి 240 డిగ్రీల మధ్య ఉంటే అంతా బాగున్నట్టు. అది ఎర్ర గీత దాటేసి ఇంకా పైకి పోతోంది. గొట్టం మీది పెయింట్ వాసన మొదలైంది. ఇంట్లో అందరికీ టెన్షన్.

ముందు తేల్చుకోవాల్సింది మంట స్టవ్‌లో ఉందా, పొగగొట్టంలోకి పాకిందా అన్నది. గొట్టంలో పేరుకున్న క్రియోసోట్, అంటే పొగలోంచి పట్టే తారు, అంటుకుంటే అది వేరే స్థాయి ప్రమాదం. అప్పుడు తలుపు తెరవకూడదు, గాలి దారులన్నీ మూసేసి అందరూ బయటికి వెళ్లి ఫైర్ వాళ్లను పిలవాలి. బయటికి పరిగెత్తి చూశాను. గొట్టం చివర నిప్పురవ్వలు లేవు, మంట లేదు. గొట్టంలో శబ్దం లేదు, హోరంతా స్టవ్‌లోనే. నీళ్లు మాత్రం పోయకూడదని తెలుసు. ఎర్రగా కాలిన పోత ఇనుము మీద నీళ్లు పడితే పగులుతుంది, ఆవిరి మొహాన కొడుతుంది. కుర్చీలు, కర్టెన్లు దూరంగా లాగేసి, పాత బకెట్లో బాగా చల్లారిన బూడిద ఉంటే, తోలు గ్లవ్స్ వేసుకుని తలుపు మెల్లగా ఓరగా తెరిచి ఆ బూడిదను నిప్పుల మీద పరిచాను. కమ్మీలు కప్పుకుపోగానే హోరు తగ్గింది. కాసేపటికి ముల్లు దిగడం మొదలుపెట్టింది.

అసలు గుట్టు అక్కడే బయటపడింది. పైన బూడిద వేసి కమ్మీల సందులు మూస్తే మంట లొంగిందంటే, గాలి కింద నుంచి వస్తున్నట్టే కదా. మీట మూసినా దానికి లెక్కలేదు, ఎందుకంటే ఆ గాలి మీట దారిలో రావడం లేదు.

మర్నాడు స్టవ్ పూర్తిగా చల్లారాక వెతకడం మొదలుపెట్టాను. ఇలాంటప్పుడు అందరూ చెప్పేది తలుపు చుట్టూ గాలి దూరకుండా ఉండే తాడు అరిగిపోయిందేమో చూడమని. కాగితం ముక్క పెట్టి తలుపు మూసి లాగితే, గట్టిగా పట్టుకుని ఉంటే తాడు బాగున్నట్టు, జారి వచ్చేస్తే గాలి పోతున్నట్టు. పెద్ద తలుపు చుట్టూ చూశాను, ఎక్కడా జారలేదు. తర్వాత గదిలో లైట్లు ఆర్పి, వెలుగుతున్న టార్చ్ ఒకటి సొరుగు గదిలో పెట్టి దాని చిన్న తలుపు మూశాను. కింది మూల నుంచి సన్నటి వెలుగు గీత కనిపించింది. అక్కడ తాడు చెడిపోలేదు. సొరుగే పూర్తిగా లోపలికి పోవడం లేదు. బయటికి లాగి చూస్తే దాని వెనక బూడిద పేరుకుని, గట్టిగా అణిగిపోయి ఉంది. కమ్మీల వెనక వరుస సందులు సొరుగు కంటే వెనక్కి ఉన్నాయి, అక్కడ పడేదంతా సొరుగులో కాకుండా దాని వెనక పడుతోంది. అది మెల్లగా పెరిగి సొరుగును కొన్ని మిల్లీమీటర్లు ముందుకు నెట్టింది. చిన్న తలుపు గొళ్లెం పడుతోంది కానీ తాడు మీద ఒత్తిడి పడటం లేదు. పైకి చూస్తే అంతా మూసుకున్నట్టే ఉంటుంది.

అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే, సొరుగు వెనక తరచూ ఊడవాలని చెప్పారు. ఊడవాలంటే సొరుగు తీయాలి, సొరుగు తీయాలంటే స్టవ్ చల్లారాలి. నిప్పు ఉండగానే తీసుకోవచ్చన్న సౌకర్యం కోసమే కదా దాన్ని అమ్మింది.

నష్టం ఘోరమేమీ కాదు, కానీ ఉంది. మధ్య కమ్మీ ఒకటి కిందికి వంగింది. లోపల పైన ఉండే, వేడిని తట్టుకునే వెర్మిక్యులైట్ పలక మీద చీలిక పడింది. ముక్కలుగా రాలనంతవరకు దాంతో ఇబ్బంది లేదు, అది అలాగే ఉంచాను. చిన్న తలుపు తాడు మాత్రం పనిలో పనిగా మార్చేశాను. కొంచెం లావుగా ఉంటే ఇంకా గట్టిగా పడుతుందనుకుంటాం గానీ, లావు తాడు వేస్తే గొళ్లెమే పడదు. పాతదాని మందమే తీసుకోవాలి. పాత జిగురు పూర్తిగా గీకేయాలి, కొత్త తాడును సాగదీయకుండా గాడిలో పరచాలి, లేకపోతే అది సన్నబడిపోతుంది.

అప్పటి నుంచి సొరుగు వాడటం మానేశాను. దాన్ని ఖాళీ చేసి, వెనక ఊడ్చి, లోపలికి పూర్తిగా తోసి తలుపు బిగించాను. కమ్మీల మీద బూడిదను అలాగే పేరుకోనిచ్చాను. మరీ ఎక్కువైనప్పుడు పెద్ద తలుపు నుంచే పారతో పైపైన తీస్తున్నాను. ఇందులో నేను ఊహించనిది ఒకటి జరిగింది. పొద్దున లేచి బూడిద కదిపితే నివురు కింద నిప్పులు ఎర్రగా ఉంటున్నాయి. రెండు చితుకులు, ఒక సన్న పేడు పెట్టి మీట తెరిస్తే చాలు, అగ్గిపుల్ల అక్కర్లేకుండా రాజుకుంటోంది. కట్టెలు కూడా తక్కువ పడుతున్నట్టే ఉంది, తూకం వేసి చూడలేదు లెండి.

మీట ఇప్పుడు చెప్పినట్టు వింటోంది, నిజమే. అలా వింటోంది కదా అని మరీ మూసేస్తే మంట చచ్చి పొగలు కక్కుతుంది, గొట్టం 120 లోపు చల్లబడితే తారు పట్టడం మొదలవుతుంది. గాజు తలుపు ఎప్పుడూ శుభ్రంగా ఉంటుందని నేను మొదట్లో చాలామందికి చెప్పాను. ఆ మాట ఇప్పుడు కాస్త తగ్గించి చెప్పాలి. కట్టె బాగా ఎండి, తేమ 20 శాతం లోపు ఉండి, మంట చురుగ్గా ఉన్నంతసేపే శుభ్రంగా ఉంటుంది. తేమ చూసేటప్పుడు కూడా పేడును అప్పుడే చీల్చి లోపలి ముఖం మీద మీటర్ పెట్టాలి. పైపైన పెడితే ఎండినట్టే చూపిస్తుంది. గాజు మూలల్లో మసి పడితే తడి కాగితాన్ని బూడిదలో అద్ది రుద్దితే పోతుంది, దానికోసం ప్రత్యేకంగా మందులు కొనక్కర్లేదు.

సొరుగు మీద ఇంకో చిన్న కోపం. దానికి మూత లేదు, లోతు లేదు. నిప్పులు కలిసిన బూడిదను అలా తెరిచి పట్టుకుని ఇంట్లోంచి నడవాలి. పారతో మూత ఉన్న ఇనుప బకెట్లోకి ఎత్తుకుంటే ఆ భయం లేదు. బకెట్ మాత్రం బయట, చెక్క నేల మీద కాకుండా పెట్టాలి. బూడిదలో నిప్పు రోజుల తరబడి బతికి ఉంటుంది, కార్బన్ మోనాక్సైడ్ అనే విష వాయువు కూడా వదులుతుంది. దాన్ని పసిగట్టే అలారం ఉంది కదా అని బకెట్‌ను ఇంట్లో ఉంచుకోవడం తెలివైన పని కాదు.

ఇంతకీ కొనొచ్చా అంటే, మా పొగగొట్టం నిటారుగా, పొడుగ్గా ఉంది, స్టవ్‌లోంచి గాలిని పైకి లాగే బలం ఎక్కువ. అందుకే ఆ చిన్న సందుకే అంత గోల జరిగింది. మలుపులున్న పొట్టి గొట్టం ఉన్నవాళ్లకు ఇదే స్టవ్ ఏ ఇబ్బందీ పెట్టకపోవచ్చు. బొగ్గు కూడా కాల్చేవాళ్లకు సొరుగు లేకుండా కుదరదు. నడుం నొప్పి ఉన్నవాళ్లకు పార పని కష్టమే. నేను మళ్లీ కొంటే మాత్రం కమ్మీలు లేని, అడుగు మూసి ఉన్న స్టవ్ కోసమే వెతుకుతాను. ఉన్నదాన్ని మార్చే ఉద్దేశం లేదు. ఆ చిన్న తలుపును శాశ్వతంగా బిగించేయొచ్చా అని, ఈసారి గొట్టం శుభ్రం చేయడానికి వచ్చే మనిషిని అడగాలనుకుంటున్నాను.