చికెన్ జెర్కీ కిట్ కొనేవాళ్లకు హెచ్చరిక: డయల్ మీద 70 డిగ్రీలు, లోపల 46

జూలైలో ఆన్‌లైన్‌లో ఒక స్మోక్డ్ చికెన్ జెర్కీ కిట్ కొన్నాను. 6,800 రూపాయలు. దాంతో చేసిన చికెన్ తిని మా పాప, నేను ఇద్దరం మంచాన పడ్డాం. పాపకు రెండు రోజులు సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. అలాంటి కిట్లు ఇంకా అమ్ముతూనే ఉన్నారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. కొన్నవాళ్లు, కొనాలనుకుంటున్నవాళ్లు కాస్త ఓపిగ్గా చదవండి.

జెర్కీ అంటే మసాలా పట్టించి, పొగ వాసన తగిలించి, బాగా ఎండబెట్టిన మాంసం. ప్యాకెట్ విప్పి అలాగే నమిలి తింటారు. మా అక్క కొడుకు డల్లస్ నుంచి వచ్చినప్పుడు రెండు ప్యాకెట్లు తెచ్చాడు. మా పాప బ్యాడ్మింటన్ ఆడుతుంది, ప్రాక్టీస్ అయ్యాక చిప్స్ బదులు ఇది తింటే ప్రొటీన్ అయినా అందుతుందని నాకు ఆశ. ఇక్కడ దొరికే ప్యాకెట్లు చూస్తే చాలా ఖరీదు. ఇంట్లోనే చేద్దామని కిట్ తెప్పించాను.

పెట్టెలో ఐదు ట్రేల డీహైడ్రేటర్ (వేడి గాలితో ఎండబెట్టే మెషిన్), పొగ కోసం చిన్న స్మోక్ గన్, ఒక కవర్లో చెక్క ముక్కలు, మరో కవర్లో 'పింక్ సాల్ట్', ఒక చిన్న పుస్తకం వచ్చాయి. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేశాను. కిలోన్నర బోన్‌లెస్ తెచ్చి, కాసేపు ఫ్రీజర్‌లో గట్టిపరిచి, సన్నగా పొడుగ్గా కోశాను. అల్లం వెల్లుల్లి, కారం, మిరియాలు, సోయా సాస్, వాళ్లిచ్చిన ఉప్పు పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాను. పొద్దున డయల్ 70 డిగ్రీల మీద పెట్టి ఆరు గంటలు ఎండబెట్టాను. చివర్లో పొగ పట్టించాను. ముక్క వంచితే పగులు వస్తోంది గానీ విరగడం లేదు. సరిగ్గా అలాగే ఉండాలని పుస్తకంలో రాసుంది. రంగు బాగుంది, వాసన బాగుంది. అనుమానించడానికి ఏమీ లేదు.

ఆ సాయంత్రం పాప ఐదారు ముక్కలు తింది, నేను నాలుగు. మర్నాడు రాత్రి ఇద్దరికీ కడుపునొప్పి, వాంతులు, జ్వరం మొదలయ్యాయి. మా ఆయన ఒక్క ముక్క కూడా తినలేదు, ఆయనకేమీ కాలేదు. డాక్టర్ ఏం తిన్నారో అంతా అడిగి, ఆ చికెన్ మీదే అనుమానం అన్నారు. తెల్లవారుజామున పాప బాత్‌రూమ్ గోడకు ఆనుకుని కూర్చుని "అమ్మా, నిలబడలేకపోతున్నా" అంటే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. నా చేత్తో చేసి పెట్టినదే కదా.

కోలుకున్నాక మాంసంలో గుచ్చి చూసే డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొన్నాను. డయల్ 70 మీదే ఉంచి, ఖాళీ ట్రేల మధ్య దాన్ని పెట్టి గంటసేపు చూశాను. ఫ్యాన్‌కు దగ్గరగా ఉండే అడుగు ట్రేలో 58 డిగ్రీలు. అన్నిటికంటే పై ట్రేలో 46. పాప తిన్నవి పై ట్రేవి. కొంచెం మెత్తగా ఉన్నాయని అవే దాని ప్లేటులో వేశాను.

మా కింద ఫ్లోర్‌లో ఫుడ్ ల్యాబ్‌లో పనిచేసి రిటైరైన ఆంటీ ఉన్నారు. కిట్ మొత్తం తీసుకెళ్లి చూపించాను. ఆవిడ అడిగిన మొదటి మాట, "పచ్చి చికెన్ నేరుగా ఎండబెట్టావా అమ్మా?" అని.

అసలు తప్పు అక్కడుంది. పచ్చి చికెన్‌లో సాల్మొనెల్లా, క్యాంపైలోబ్యాక్టర్ లాంటి బ్యాక్టీరియా ఉండే అవకాశం ఎక్కువ. అవి చావాలంటే ముక్క లోపల 74 డిగ్రీల వేడి తగలాలి. అది కూడా ముక్కలో తడి ఉండగానే తగలాలి. మెషిన్‌లో గాలి 60 ఉన్నా, ముక్కలోని నీరు ఆవిరైపోతున్నంతసేపూ ముక్క చల్లగానే ఉంటుంది. నీరంతా పోయి వేడెక్కేసరికి, ఆ పొడి ముక్కలో మిగిలిన బ్యాక్టీరియా వేడికి ఓ పట్టాన చావదు. అందుకే అమెరికా వ్యవసాయ శాఖ వాళ్లు కోడి, టర్కీ మాంసాన్ని ముందు 74 డిగ్రీలకు (వాళ్ల లెక్కలో 165 ఫారెన్‌హీట్) వేడి చేసి, ఆ తర్వాతే డీహైడ్రేటర్‌లో పెట్టమంటారు. ఆ తర్వాత ఎండటానికి 55 నుంచి 60 చాలు. మసాలా పట్టిన ముక్కల్ని ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద పెట్టినా, ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్‌లో) పెట్టినా పని జరిగిపోతుంది. థర్మామీటర్ గుచ్చి 74 చూసుకుంటే చాలు. పది నిమిషాల పని. నా పుస్తకంలో ఈ మాట ఎక్కడా లేదు.

నేనెందుకు అనుమానించలేదో కూడా చెప్తాను. మా నానమ్మది జనగామ దగ్గర ఊరు. ఎండాకాలంలో మటన్‌కు ఉప్పు, పసుపు పట్టించి, దారానికి గుచ్చి ఆరవేసి తునకలు చేసేది. ఏళ్ల తరబడి తిన్నాం, ఎవరికీ ఏమీ కాలేదు. ఎండితే చాలు, చెడిపోదన్నది నా మనసులో ముద్రపడిపోయింది. కానీ ఆ తునకలు మేం ఏనాడూ అలాగే తినలేదు. నానబెట్టి, కడిగి, మెత్తగా ఉడికించి కూర వండాకే తిన్నాం. మంట మీద ఉడకడమే మమ్మల్ని కాపాడింది. జెర్కీకి ఆ ఉడకడం అనేదే లేదు. ఈ తేడా నాకు ఆంటీ చెప్పేదాకా తట్టలేదు.

ఇక ఉప్పు సంగతి. దీనికి ఆంటీ ఇంకా ఎక్కువ భయపడ్డారు. మాంసం నిల్వకు వాడే క్యూరింగ్ సాల్ట్ అని ఒకటుంది. అందులో 6.25 శాతం సోడియం నైట్రైట్, మిగతాది మామూలు ఉప్పు. వంట ఉప్పు అనుకుని పొరపాటున వాడకుండా కావాలనే దానికి గులాబీ రంగు కలుపుతారు. కిలో మాంసానికి రెండున్నర గ్రాములు, అదీ చిన్న కాటా మీద తూచి వేయాలి. మన ఇళ్లలో ఉండే హిమాలయన్ పింక్ సాల్ట్ వేరు. అది గనుల్లో దొరికే ఉప్పు, దాని రంగు అందులోని ఇనుము వల్ల వచ్చేది. రెండూ గులాబీ రంగే, రెండింటినీ పింక్ సాల్ట్ అనే అంటారు. నా కవర్ మీద ఆ రెండు మాటలు తప్ప ఇంకేమీ లేవు. ఏం కలిపారో లేదు, శాతం లేదు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబర్ లేదు. పుస్తకంలో మాత్రం "కిలోకు రెండు స్పూన్లు" అని ఉంది. అది నిజంగా క్యూరింగ్ సాల్ట్ అయితే రెండు స్పూన్లంటే పన్నెండు గ్రాముల దాకా వస్తుంది, వేయాల్సినదానికి దాదాపు ఐదు రెట్లు. నైట్రైట్ ఎక్కువైతే రక్తం ఆక్సిజన్ మోయలేదు, పెదాలు, గోళ్లు నీలం తిరుగుతాయి, ప్రాణం మీదికి వస్తుంది. మాకు ఆ లక్షణాలు రాలేదు కాబట్టి మామూలు ఉప్పే అయ్యుంటుందన్నారు ఆంటీ. అలాగైతే నిల్వ ఉంచే గుణం దానికి లేనట్టే. ఏదైనా మోసమే. ఇంట్లో అలాంటి కవర్ ఉంటే రుచి చూసి తేల్చుకుందామనుకోకండి. పారేయండి.

చెక్క ముక్కలు 'మామిడి చెక్క' అని అమ్మారు. అరచేతిలో పోసుకుని కిటికీ దగ్గర చూస్తే ఒక ముక్క అంచున పొరలు పొరలుగా, మధ్యలో జిగురు గీతలు కనబడ్డాయి. అది ప్లైవుడ్. ఇంకోదానికి ఒక పక్క వార్నిష్ మెరుపు ఉంది. ఆ పొగ నేను పిల్ల తినే తిండికి పట్టించాను.

"పొగ పెడితే క్రిములు చస్తాయి, ఫ్రిజ్ లేకుండా మూడు నెలలు నిల్వ" అన్నది వాళ్ల ప్రకటన. స్మోక్ గన్‌తో మూత కింద ఐదు నిమిషాలు పట్టించే చల్లని పొగ ఏ క్రిమినీ చంపదు. మనం కూర మధ్యలో నిప్పు పెట్టి, నెయ్యి చుక్క వేసి మూత పెట్టే ధుంగార్ ఎంతో ఇదీ అంతే. వాసన కోసం, అంతవరకే. పైగా మన హైదరాబాద్ వానాకాలం తేమలో ఎండినది కూడా రెండు రోజుల్లో మెత్తబడుతుంది. ఎంత బాగా చేసినా ఫ్రిజ్‌లోనో, ఫ్రీజర్‌లోనో పెట్టాల్సిందే.

అమ్మినతనికి ఫోన్ చేశాను. "మెషిన్ బాగానే ఉంటది మేడమ్, మీరే ముక్కలు లావుగా కోసి ఉంటరు" అన్నాడు. థర్మామీటర్ ఫొటోలు పంపాను. రిటర్న్‌కు ఏడు రోజులే గడువని, మీది పదకొండో రోజని సమాధానం వచ్చింది. అందులో నాలుగు రోజులు మేం ఆసుపత్రి చుట్టూ తిరిగాం. అది చెప్పినా ఫోన్ పెట్టేశాడు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. బిల్లు, ఫొటోలు, డాక్టర్ చీటీ అన్నీ దాచాను. డబ్బు ఇంకా రాలేదు.

డీహైడ్రేటర్ కొన్నవాళ్లు వచ్చిన రోజే ఖాళీగా నడిపి, పై ట్రే, కింద ట్రే రెండూ థర్మామీటర్‌తో చూసుకోండి. రిటర్న్ గడువు దాటనివ్వకండి. తినే వస్తువు ఏది వచ్చినా కవర్ మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ లేకపోతే వాడకండి. ఇంట్లో చేశామంటూ వాట్సాప్‌లో జెర్కీ అమ్మేవాళ్లు కూడా ఇప్పుడు కనబడుతున్నారు. ఎండబెట్టే ముందు చికెన్ ఎంత వేడి చేశారని అడగండి. 74 అన్న అంకె వాళ్ల నోటి వెంట రాకపోతే కొనకండి, ముఖ్యంగా చిన్నపిల్లలు, గర్భిణులు, పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో.

మల్కాజ్‌గిరి, సైనిక్‌పురి వైపు ఎవరైనా ఇలాంటి కిట్ కొని పరీక్షించుకోవాలనుకుంటే చెప్పండి, నా థర్మామీటర్ ఇస్తాను.