కెనాన్ ఈఓఎస్ ఆర్10: మాన్యువల్ నేర్చుకోవడానికి మంచి బాడీ, తికమక పెట్టే కిట్ లెన్స్

ఆటో వదిలి అపెర్చర్ (లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకోవాలి), షటర్ (వెలుతురు ఎంతసేపు పడాలి), ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా ఎంత స్పందించాలి) సొంతంగా పెట్టుకోవాలనుకునేవాళ్లకు ఈ కెమెరాలో అన్నిటికన్నా పనికొచ్చేది 24.2 మెగాపిక్సెళ్ల సెన్సర్ కాదు, పైనున్న రెండు డయల్స్. ఎం, అంటే మాన్యువల్ మోడ్‌లో చూపుడువేలి దగ్గరి డయల్ షటర్‌ను, బొటనవేలి దగ్గరిది అపెర్చర్‌ను మారుస్తాయి. వ్యూఫైండర్ నుంచి కన్ను తీయక్కర్లేదు. ఒకే డయల్ ఉన్న కెమెరాల్లో రెంటి మధ్యా మారడానికి ప్రతిసారీ బటన్ నొక్కాలి. ఆ విసుగుతోనే చాలామంది మాన్యువల్ జోలికి పోరు.

అలాగని నేరుగా ఎం మోడ్‌కి వెళ్లొద్దు. ముందు ఏవీ, అంటే అపెర్చర్ ప్రయారిటీ: అపెర్చర్ మనం పెడితే షటర్‌ను కెమెరాయే చూసుకుంటుంది. అందులో బొటనవేలి డయల్ ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌గా, అంటే ఫొటో వెలుతురును పెంచడానికీ తగ్గించడానికీ, పనిచేస్తుంది. తెల్లగోడ ముందు మనిషిని తీస్తే వెలుతురు కొలిచే మీటర్ ఆ తెలుపును బూడిదరంగుకు దించేస్తుంది, ముఖం నల్లబడుతుంది. +1 దాకా తిప్పి చూడండి. ఈ ఒక్కటి వేళ్లకు అలవాటైతే ఎం మోడ్ సగం వచ్చినట్టే.

చిక్కల్లా కెమెరాతో కలిపి కిట్‌లో వచ్చే 18-45 ఎంఎం జూమ్ లెన్స్‌తోనే. 18 దగ్గర ఎఫ్/4.5 దాకా తెరుచుకునేది 45కి జూమ్ చేసేసరికి ఎఫ్/6.3కి పడిపోతుంది (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది). దాదాపు ఒక స్టాప్, అంటే సగం వెలుతురు పోయినట్టు. ఎం మోడ్‌లో ఐఎస్ఓ కూడా ఫిక్స్ చేసి ఉంటే, డయల్ ముట్టుకోకుండానే ఫొటో చీకటవుతుంది. నేర్చుకునేవాళ్లు తామేదో తప్పు చేశామనుకుంటారు. జూమ్ ఎక్కడున్నా మారని ఎఫ్/8 పెట్టి సాధన చేస్తే ఈ గొడవ ఉండదు. షటర్ ప్రయారిటీ, అదే టీవీ మోడ్‌లో, ఐఎస్ఓ 100 ఉంచి గదిలో షటర్‌ను 1/1000 సెకనుకు పెడితే అపెర్చర్ అంకె ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. లెన్స్ ఇంకా తెరుచుకోలేనంటోందన్నమాట. షటర్ స్పీడ్ తగ్గించాలి, లేదా ఐఎస్ఓ పెంచాలి.

అపెర్చర్‌తో బ్యాక్‌గ్రౌండ్ ఎలా మసకబారుతుందో స్పష్టంగా చూడాలంటే ఆర్ఎఫ్ 50 ఎఫ్/1.8 లెన్స్ తప్పనిసరిగా తీసుకోమంటాను. బాడీలో చేతి వణుకును సర్దే స్టెబిలైజేషన్ లేదు, ఆ లెన్స్‌లోనూ లేదు. అందుకే ఏవీలో ఆటో ఐఎస్ఓ వాడేటప్పుడు, ఐఎస్ఓ మెనూలో కనీస షటర్ స్పీడ్‌ను 1/125కి పెట్టుకోండి. లేకపోతే చేతి వణుకు ఫొటోలో కనిపిస్తుంది.

వ్యూఫైండర్‌లో ఎక్స్‌పోజర్ ముందే కనిపించడం పెద్ద సుఖం. కానీ చీకటి గదిలో ఆ చిన్న తెర ఉన్నదానికన్నా ప్రకాశవంతంగా అనిపిస్తుంది. అక్కడ కంటిని నమ్మకుండా హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి, వెలుతురు ఎంతెంతో చూపే గ్రాఫ్) చూడండి. స్టూడియో ఫ్లాష్‌ను దూరం నుంచి వెలిగించే ట్రిగ్గర్ వాడుతుంటే, ఇలా ముందే చూపే ఎక్స్‌పోజర్ సిమ్యులేషన్ ఆపేయండి, లేదంటే ఫ్లాష్ వెలుతురు లెక్కలోకి రాక 1/200, ఎఫ్/8 దగ్గర తెర నల్లగానే ఉంటుంది.