లాంగ్ రైడ్‌లో చేతుల తిమ్మిరి: గ్లవ్సా, గ్రిప్పులా, రైజర్లా, ఏది మేలు?

సూర్యాపేట దగ్గర ఆగి టీ గ్లాసు పట్టుకుంటే ఆ వేడి నా కుడి చేతికి తెలియలేదు. ఎల్బీ నగర్‌లో బైక్ మీద బయల్దేరి అప్పటికి సుమారు 130 కిలోమీటర్లు వచ్చాను, మధ్యలో ఎక్కడా ఆగలేదు. చిటికెన వేలూ దాని పక్క వేలూ ఎవరివో అన్నట్టు ఉన్నాయి. ఎడమ చేతికి తిమ్మిరి లేదు గానీ మణికట్టు పైభాగం సలుపుతోంది. విజయవాడకు ఇంకా సగం దారి ఉంది.

ఆ తర్వాత ఏడాదిన్నరలో ఈ బాధకు మందంటూ అమ్మేవి దాదాపు అన్నీ కొన్నాను. ఫోమ్ గ్రిప్పులు, జెల్ ప్యాడ్ గ్లవ్స్, హ్యాండిల్ చివర్లకు బిగించే బరువైన బార్ ఎండ్లు, థ్రాటిల్‌కు (అంటే యాక్సిలరేటర్ గ్రిప్‌కు) తగిలించే ప్లాస్టిక్ రెక్క, చివరికి హ్యాండిల్‌ను పైకి లేపే రైజర్లు. వాటిలో నాకు నిజంగా పనికొచ్చినవి రెండే. కానీ వాటన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది ఒక మెకానిక్ పది నిమిషాల్లో ఊరికే చేసిపెట్టిన పని. దాని సంగతి తర్వాత చెప్తాను, ఎందుకంటే నేను కూడా దాన్ని చివర్లోనే తెలుసుకున్నాను.

ముందు ఏ వేలో చూడండి

"చేతులు నొప్పి" అని అందరం ఒకే మాట అంటాం గానీ, అందులో నాలుగు రకాలున్నాయి. ఏ రకమో తేలకుండా డబ్బు ఖర్చు పెడితే నాలాగే అవుతుంది.

చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారితే అది అల్నార్ నరం నలగడం వల్ల. అరచేతిలో చిటికెన వేలి వైపు, మణికట్టుకు ఆనుకుని కండ ఉబ్బెత్తుగా ఉంటుంది చూడండి, దాని మొదట్లో ఆ నరం చర్మానికి బాగా దగ్గరగా పోతుంది. ఒంటి బరువంతా హ్యాండిల్ మీద వేసి కూర్చుంటే నలిగేది అదే. దూరాలు తొక్కే సైకిల్‌వాళ్లకు ఇది పాత బాధే. డాక్టర్లు దానికి హ్యాండిల్ పేరే పెట్టారు, హ్యాండిల్‌బార్ పాల్సీ అని.

బొటనవేలు, చూపుడు వేలు, నడివేలు తిమ్మిరెక్కితే మీడియన్ నరం. అది మణికట్టు మధ్యలో ఎముకలకూ ఒక గట్టి పట్టీకీ నడుమ ఉన్న ఇరుకు సందులోంచి వెళ్తుంది. దాన్నే కార్పల్ టన్నెల్ అంటారు. మణికట్టును వెనక్కి వంచి ఎక్కువసేపు ఉంచితే ఆ సందులో ఒత్తిడి పెరుగుతుంది. యాక్సిలరేటర్ తిప్పి పట్టుకున్న కుడి చెయ్యి గంటల తరబడి ఉండేది సరిగ్గా అలాగే.

అయిదు వేళ్లూ కలిసి జుమ్మంటుంటే, బండి దిగాక కూడా అరచేతిలో ఇంజన్ ఆడుతున్నట్టే ఉంటే అది వైబ్రేషన్. ఇక ముంజేయి పై కండ పట్టేసినా, ఎడమ మణికట్టు సలిపినా క్లచ్ వైపు చూడాలి. గట్టి క్లచ్ వైరో, లివర్ ఎత్తో కారణం అయి ఉంటుంది.

గ్లవ్సా, ఫోమ్ గ్రిప్పులా

రెండూ అమ్మేది మెత్తదనమే, అందుకే ఈ రెండిటి మధ్యే జనం ఎక్కువ ఊగిసలాడతారు.

ఫోమ్ తొడుగులు మూడు నాలుగొందల్లో వస్తాయి. మొదటి రోజు హాయిగా అనిపించింది, అబద్ధం చెప్పను. కానీ గ్రిప్ లావెక్కేసరికి నా చిన్న చేతికి అది పూర్తిగా పట్టులోకి రాలేదు. జారకుండా ఇంకాస్త గట్టిగా నొక్కాల్సి వచ్చింది, దాంతో ముంజేయి అలిసిపోయింది. చేతులు పెద్దగా ఉన్నవాళ్లకు ఇదే తిరగబడుతుంది: సన్నటి గ్రిప్ చుట్టూ వేళ్లు ముడుచుకుని ఉండే బాధ తప్పి నిజంగానే సుఖపడతారు. నందిగామ దగ్గర వాన పడ్డప్పుడు మరో సంగతి తెలిసింది. ఫోమ్ నీళ్లు తాగేసింది, పట్టు బిగించినప్పుడల్లా గ్లవ్స్‌లోకి పిండుకుంది.

అసలు భయపెట్టింది ఇంకోటి. పాత రబ్బరు గ్రిప్ మీద ఊరికే తొడిగే రకం కాబట్టి, ఒక లారీని దాటుతుండగా తొడుగు తిరిగింది గానీ థ్రాటిల్ తిరగలేదు. అదే రోజు తీసేశాను. ఫోమ్ కావాలనుకుంటే పాత గ్రిప్ తీసి దాని స్థానంలో జిగురుతో అంటించే రకమే వేయించుకోండి. నా తొడుగులు ఇప్పుడు మా ఇంట్లో మాప్ కర్రకు ఉన్నాయి, అక్కడ బాగానే పని చేస్తున్నాయి.

గ్లవ్స్ విషయంలో ఒక భ్రమ ఉంది. జెల్ ఉంటే వైబ్రేషన్ ఆగుతుందని అనుకుంటాం. ఫ్యాక్టరీల్లో వాడే యాంటీ వైబ్రేషన్ గ్లవ్స్‌కు ఐఎస్‌ఓ 10819 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం 25 నుంచి 200 హెర్ట్జ్ మధ్య వణుకును పదో వంతు తగ్గిస్తే చాలు, గ్లవ్స్ పాస్. 40 శాతం తగ్గించాలన్న షరతు 200 హెర్ట్జ్ పైన ఉండే వణుకుకే. మన బండి లెక్క చూడండి: ఇంజన్ నిమిషానికి 3,600 సార్లు తిరుగుతోందంటే సెకనుకు 60 సార్లు, అంటే 60 హెర్ట్జ్. 350 సీసీ సింగిల్ సిలిండర్ బండి హైవే మీద తిరిగేది ఇంచుమించు ఆ దగ్గరే. పరీక్ష పాసైన ఫ్యాక్టరీ గ్లవ్సే అక్కడ పదో వంతుతో సరిపెడుతుంటే, బైక్ గ్లవ్స్‌లోని పల్చటి జెల్ ముక్క ఏం ఆపుతుంది?

అయినా ఈ పోటీలో నా ఓటు గ్లవ్స్‌కే. అవి చేసే మేలు వేరే. చిటికెన వేలి వైపు కండ దగ్గర ప్యాడ్ ఉంటే బరువు ఒకే చోట పడకుండా పరుచుకుంటుంది, అల్నార్ నరం బతికిపోతుంది. చెమటకు చెయ్యి జారదు కాబట్టి పట్టు వదులుగా ఉంచొచ్చు. పడితే అరచేయి మిగులుతుంది, ఫోమ్ గ్రిప్ ఆ పని చేయలేదు. కొనేటప్పుడు షాపులో నిలబడి పిడికిలి బిగించి చూస్తే సరిపోదు. బయట ఉన్న మీ బండి ఎక్కి హ్యాండిల్ పట్టుకుని చూడండి. అరచేతిలో బట్ట ముడత పడితే ఆ ముడతే 200 కిలోమీటర్ల తర్వాత రాయిలా గుచ్చుకుంటుంది. బిగుతుగా ఉంటే రక్తం ఆడక అదే తిమ్మిరి తెస్తుంది. మే నెల కోసమైతే గాలి ఆడే మెష్ రకమే తీసుకోండి, మన ఎండలకు తోలు గ్లవ్స్ అరగంటకే విప్పి సంచిలో పడేస్తారు.

బార్ ఎండ్ బరువులా, రైజర్లా

ఇవి రెండూ హ్యాండిల్‌కే చేసే మార్పులు, కానీ వాటి పనులకు పోలికే లేదు.

హ్యాండిల్ చివర ఉక్కు బరువు పెడితే ఇంజన్ అదే జోరుతో కుదిపినా పైపు తక్కువ ఊగుతుంది. దాంతోపాటు పైపు ఎక్కువగా వణికే వేగం కూడా కిందికి దిగుతుంది. నా బండికి 85 దగ్గర ఉన్న జుమ్ము 75 దగ్గరికి వచ్చింది. నేను హైవేలో 85లో పోతాను కాబట్టి నాకు లాభమే. మీరు 75లో పోయేవాళ్లయితే అదే మార్పు మీకు నష్టం. కొంతమంది స్టైల్ కోసం కంపెనీ ఇచ్చిన బరువులు పీకేసి బార్ ఎండ్ అద్దాలో, తేలికైన అల్యూమినియం ముక్కలో పెట్టుకుంటారు. ఆ తర్వాత చేతులు తిమ్మిరెక్కుతున్నాయని గ్రిప్పులు వెతుకుతారు. పీకేసిన బరువులు ఇంట్లో ఉంటే ముందు అవి తిరిగి పెట్టి చూడండి. ఇంజన్ మౌంటింగ్ బోల్టులు వదులయ్యాయేమో కూడా చూపించుకోండి.

కొత్త బండ్లవాళ్లకు ఈ గొడవ తక్కువే. రాయల్ ఎన్‌ఫీల్డ్ 350ల్లో వణుకును తగ్గించే బ్యాలెన్సర్ షాఫ్ట్ ఉన్న ఇంజన్ 2020 చివర్లో మీటియర్‌తో మొదలైంది. 2021లో క్లాసిక్‌కు, 2023లో బుల్లెట్‌కు అదే వచ్చింది. వాటి మీద చేతులు తిమ్మిరెక్కితే వైబ్రేషన్‌ను అనుమానించే ముందు మీరు కూర్చునే తీరు చూసుకోవాలి. అన్నట్టు, హ్యాండిల్‌కు ఫోన్ బిగించేవాళ్లకు ఒక మాట: శక్తిమంతమైన మోటార్‌సైకిల్ ఇంజన్ల వణుకుకు ఐఫోన్ కెమెరా దెబ్బతినొచ్చని 2021లో యాపిల్ కంపెనీయే హెచ్చరించింది.

రైజర్లు వైబ్రేషన్‌ను ఏమీ చేయవు. హ్యాండిల్‌ను పైకి లేపి, మనిషిని నిటారుగా కూర్చోబెట్టి, చేతుల మీది బరువు తీసేస్తాయి. పొడుగు మనిషి, ముందుకు వంగి నడిపే బండి, మొద్దుబారేది చిటికెన వేలు: ఈ మూడూ కలిస్తే రైజర్ లాంటిది లేదు. నేను అయిదడుగుల ఆరంగుళాలు, నా బండి ముందే నిటారు. 25 మిల్లీమీటర్లు లేపేసరికి మణికట్టు ఇంకా వెనక్కి విరిగింది. పైగా యూ టర్న్‌లో హ్యాండిల్ పూర్తిగా తిప్పితే యాక్సిలరేటర్ వైర్ లాగుకుని ఇంజన్ దానంతటదే రేజ్ అయింది. పార్కింగ్‌లో కాబట్టి సరిపోయింది. రైజర్ వేయించుకుంటే రెండు వైపులా చివరిదాకా తిప్పి క్లచ్ వైర్, బ్రేక్ గొట్టం, కరెంటు వైర్లు లాగుకోవడం లేదని చూశాకే రోడ్డెక్కండి.

క్లిప్ ఆన్ హ్యాండిల్ బండ్లకు, అంటే రెండు వైపులా విడివిడి ముక్కలుగా కిందికి బిగించిన హ్యాండిల్ ఉన్న స్పోర్ట్స్ బండ్లకు, ఈ దారి సులువుగా దొరకదు. వాటిదో చిత్రం: ఊళ్లో నలభైలో పోతే మణికట్లు విరిగిపోతాయి, హైవే మీద తొంభైలో ఎదురుగాలే ఛాతీని పైకి లేపుతుంది కాబట్టి చేతులకు కొంత ఊరట.

థ్రాటిల్ రెక్క సంగతి

రెండొందల రూపాయల ప్లాస్టిక్ ముక్క. గ్రిప్‌కు తగిలిస్తే వేళ్లతో బిగించి పట్టుకోనక్కర్లేదు, అరచేత్తో నొక్కి ఉంచితే బండి పోతుంది. చిట్యాల నుంచి సూర్యాపేట దాకా తిన్నటి రోడ్డులో దీనంత సుఖం ఇంకేదీ ఇవ్వలేదు. కానీ గుంత వచ్చి చెయ్యి అదిరితే, లేదా ఉలిక్కిపడి బ్రేక్ పట్టేటప్పుడు అరచేయి దాని మీదే ఉంటే, యాక్సిలరేటర్ పెరుగుతుంది. ఊళ్లో, ఘాట్‌లో పనికిరాదు. దోమలపెంట దాటి శ్రీశైలం డ్యామ్ వైపు దిగే మలుపుల్లో దాన్ని తీసి జేబులో వేసుకున్నాను.

వేగాన్ని దానంతటదే నిలిపి ఉంచే క్రూజ్ కంట్రోల్ ఉంటే ఈ రెక్క అవసరమే లేదు. బ్రేక్ ముట్టుకోగానే క్రూజ్ కంట్రోల్ వదిలేస్తుంది. 2023లో వచ్చిన అపాచీ ఆర్‌టీఆర్ 310లో ఉంది, 2025లో 125 సీసీ గ్లామర్ ఎక్స్‌లోకీ వచ్చింది. అలాగని దానికోసం బండి మార్చమని నేను చెప్పను.

పది నంబర్ స్పానర్

రైజర్లు విప్పించడానికి వెళ్లినప్పుడు మెకానిక్ బండిని చూసి నవ్వాడు.

"ఏందన్నా, లివర్లు ఆకాశం దిక్కు చూస్తున్నయ్? చేతులు నొస్తలేవా?"

"నొస్తున్నాయి భాయ్, అందుకేగా ఇవన్నీ కొన్నది."

"జర బండి మీద కూసో."

కూర్చున్నాను. పక్కకు వచ్చి నా మోచేతి నుంచి వేళ్ల దాకా చూశాడు. లివర్ అందుకోవడానికి నా వేళ్లు పైకి లేస్తున్నాయి, మణికట్టు విరుగుతోంది. పది నంబర్ స్పానర్‌తో క్లచ్ వైపు బోల్టు వదులు చేసి లివర్‌ను కిందికి దించాడు. మోచెయ్యి, మణికట్టు, వేళ్లు ఒకే గీతలోకి వచ్చేదాకా దించి బిగించాడు. బ్రేక్ వైపూ అంతే. క్లచ్ వైర్‌లో నూనె పోసి, ఆడించి చూపించాడు. ఎడమ మణికట్టు సలుపు ఆ వారంలోనే పోయింది. మీరే చేసుకోవాలంటే చేసుకోవచ్చు, కాకపోతే బ్రేక్ గొట్టం మెలిపడకుండా, బ్రేక్ ఆయిల్ డబ్బా మరీ వాలిపోకుండా చూసుకుని, ముందు సందులోనే నెమ్మదిగా పోతూ బ్రేక్ పట్టి చూడండి.

కుడి చేతికి పట్టు మార్చుకోవడం పని చేసింది. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడే మణికట్టు కాస్త పైకి ఉండేలా, చేతిని ముందుకు వాల్చి పట్టుకోవాలి. అప్పుడు యాక్సిలరేటర్ ఇచ్చాక మణికట్టు తిన్నగా వస్తుంది. తిన్నగా పట్టుకుని తిప్పితే వెనక్కి విరుగుతుంది. మోచేతులు కొంచెం వంచి, తొడలతో ట్యాంక్ పట్టుకుంటే బరువు నడుము మీదికి పోతుంది. ఇదంతా నేను ముందే విన్నదే, కానీ వెనక మా ఆవిడ కూర్చున్నప్పుడే దీని విలువ తెలిసింది. బ్రేక్ వేసిన ప్రతిసారీ ఇద్దరి బరువూ నా అరచేతుల మీదికే వచ్చేది.

ఈ మధ్య చిట్యాల, సూర్యాపేట, కోదాడ, నందిగామ, నాలుగు చోట్లా ఆగుతున్నాను. మొత్తం మీద అరగంట ఆలస్యం అవుతుంది.

రెండు వేల రూపాయలే ఉన్నాయి, ఏం కొనాలి అని అడిగితే: లివర్లు దించి, క్లచ్ వైర్‌కు నూనె పట్టించి, ఒక రైడ్ చేసి రండి. అప్పటికీ చిటికెన వేలే మొద్దుబారుతుంటే గ్లవ్స్. అయిదు వేళ్లూ జుమ్మంటుంటే బార్ ఎండ్లు. బొటనవేలి వైపైతే, తిన్నటి హైవేల వరకు ఆ రెక్క. ఆరడుగుల మనిషైతే రైజర్లు, నావి ఇంకా అట్టపెట్టెలోనే ఉన్నాయి.

ఒక్క సందర్భంలో మాత్రం ఇవేవీ కొనొద్దు. బండి ఎక్కని రోజుల్లో కూడా రాత్రి నిద్రలో తిమ్మిరికి మెలకువ వస్తుంటే, షర్టు గుండీ పెట్టుకోవడం కష్టమవుతుంటే, చేతిలోంచి వస్తువులు జారిపోతుంటే న్యూరాలజీ డాక్టర్‌కు చూపించండి. నరం ఎక్కడ నలుగుతోందో నర్వ్ కండక్షన్ పరీక్షలో తెలుస్తుంది. షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్లకు కార్పల్ టన్నెల్ బాధ వచ్చే అవకాశం మామూలుగానే ఎక్కువ, వాళ్లు ఇంకా ముందే వెళ్లాలి.