చెప్పాకే చెయ్యి వేసే పళ్ల డాక్టరు

విశాఖపట్నం సీతమ్మధారలో మేం వెళ్లే పళ్ల క్లినిక్ గురించి ఇది. కొన్నేళ్లుగా ఇంటిల్లిపాదీ అక్కడికే వెళ్తున్నాం. రూట్ కెనాల్ లోపల ఎంత బాగా చేశారో మనకి తెలిసే దారి లేదు, నోరు తెరిచి పడుకుంటే పైన లైటు తప్ప ఏమీ కనబడదు. కాబట్టి మనకి తెలిసే విషయాలే రాస్తున్నాను.

ఇక్కడి డాక్టరు మేడమ్ ఎక్స్‌రే స్క్రీన్ మీద చూపించి, పుచ్చు నరం దాకా పోయిందో లేదో చెప్పి, ఖర్చు కాగితం మీద రాసిచ్చాకే పని మొదలుపెడతారు. నా వెనక పన్నుకి లోహం లేని, ఖరీదైన జిర్కోనియా క్యాప్ అడిగితే, మెటల్ మీద సిరామిక్ వేసింది సరిపోతుందని ఆవిడే తక్కువ ఖర్చుది చెప్పారు. అంతకుముందు ఊళ్లోనే వేరే చోట మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, సగం పని అయ్యాక రేటు చెప్పారు. దవడ మొద్దుబారి కుర్చీలో ఉన్న మనిషి అప్పుడు వద్దని ఎలా అంటాడు? ఆ కోపం నాకింకా పోలేదు.

నమ్మకం పూర్తిగా కుదిరింది మాత్రం అమ్మ విషయంలో. అమ్మకి షుగర్, పైగా గుండెకి ఆస్పిరిన్ వాడుతుంది. కదిలే పన్ను తీయించాలని వెళ్తే ముందు మందుల చీటీ అడిగారు, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష) రిపోర్టు చూశారు. "ఆ మాత్ర మీ అంతట మీరు ఆపెయ్యకండమ్మా, మీ గుండె డాక్టరుగారితో నేను మాట్లాడతాను" అన్నారు. మాట్లాడాక మాత్ర ఆపకుండానే పన్ను తీసి, రక్తం ఆగేదాకా అక్కడే కూర్చోబెట్టారు. రాత్రి ఫోన్ చేసి ఎలా ఉందని కనుక్కున్నారు కూడా. గార తీయిస్తే పళ్లు వదులవుతాయని అమ్మకి ఎప్పటినుంచో భయం. చిగుళ్లని పాడు చేసేది ఆ గారేనని విసుక్కోకుండా అద్దంలో చూపించారు.

పనిముట్ల కవర్లు మన ఎదురుగానే చింపుతారు. పనిముట్ల మీది క్రిముల్ని చంపే ఆటోక్లేవ్ యంత్రంలో ఆవిరి తగిలితే కవరు మీద గుర్తు రంగు మారుతుంది, అడిగితే చూపిస్తారు. గ్లవ్స్‌తో ఫోన్ ముట్టుకుంటే అవి తీసేసి కొత్తవి వేసుకున్నాకే మళ్లీ నోట్లో చెయ్యి పెడతారు.

నచ్చనివీ ఉన్నాయి. సాయంత్రం అపాయింట్‌మెంట్ అంటే గంట ఆలస్యం మామూలే. రిసెప్షన్‌లో ఒకరి బాకీ, ఒకరి జబ్బు అందరికీ వినబడేలా చదువుతారు. ఇది చిన్న విషయం కాదు, మేడమ్‌కి చెప్పాను, కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు.

వెళ్లేవాళ్లు పొద్దున స్లాట్ అడగండి. పాత ఎక్స్‌రేలు, వాడుతున్న మందుల చీటీ వెంట తీసుకెళ్లండి.