కొత్త ల్యాప్‌టాప్‌లో ముందు చూసేది ర్యామ్, ఆ తర్వాత పోర్టులు

నా ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌కు ఇప్పటికీ ఢోకా లేదు. కీబోర్డు మీద నాలుగైదు అక్షరాలు చెరిగిపోయాయి గానీ మీటలన్నీ పనిచేస్తున్నాయి. బ్యాటరీ సగానికి పడిపోయింది, అది ఎటూ మార్చుకోవచ్చు. ఏళ్ల తరబడి వాడాక విసిగించినవి రెండే, ర్యామ్ ఒకటి, పోర్టులు ఒకటి. రాబోయే మోడళ్ల ప్రచారంలో వీటి గురించి చెప్పేదే తక్కువ.

నాది 8 జీబీ ర్యామ్, బోర్డుకే సోల్డర్ చేసేశారు, అంటే శాశ్వతంగా అతికించేశారు, తర్వాత మార్చుకోలేం. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు కాబట్టి స్క్రీన్ నడపడానికి కూడా అందులోంచే వాటా పోతుంది. బ్రౌజర్, వీడియో కాల్, ఒక పెద్ద ఎక్సెల్ షీటు కలిసి తెరిచానా, టాస్క్ మేనేజర్‌లో మెమరీ గీత పైకెక్కి ఇక దిగదు. పట్టనిదంతా సిస్టమ్ ఎస్ఎస్‌డీలోకి నెడుతుంది, అడిగినప్పుడు మళ్లీ తెచ్చుకుంటుంది. అందుకే ట్యాబ్ మార్చగానే ముందు తెల్లటి పేజీ, కాసేపటికి అక్షరాలు. ఒక్కడినే పని చేసుకుంటున్నప్పుడు ఓర్చుకోవచ్చు, కాల్‌లో స్క్రీన్ షేర్ చేస్తుంటే మాత్రం టెన్షనే.

సోల్డర్ చేయడాన్ని ఊరికే తిట్టలేం. ప్రాసెసర్‌కు దగ్గరగా ఉన్న ఎల్‌పీడీడీఆర్ అనే రకం ర్యామ్ వేగంగా నడుస్తుంది, కరెంటు తక్కువ తాగుతుంది. ఇంటెల్ 2024లో తెచ్చిన లూనార్ లేక్ ప్రాసెసర్లలో అయితే ర్యామ్‌ను ఏకంగా ప్రాసెసర్ ప్యాకేజీలోనే పెట్టేశారు. 16 లేదా 32 జీబీ, అంతకు మించి దొరకదు. మైక్రోసాఫ్ట్ ఏఐ పనుల కోసం తెచ్చిన కోపైలట్ ప్లస్ పీసీలకు కనీసం 16 జీబీ ఉండాలంది. ఆపిల్ కూడా అదే ఏడాది మ్యాక్‌బుక్ ఎయిర్‌లో కనీస ర్యామ్‌ను 8 నుంచి 16కు పెంచింది. అంటే ఇప్పుడు 16 అన్నది మొదటి మెట్టు మాత్రమే. నా లెక్క ఇది: ర్యామ్ మార్చుకునే స్లాట్ ఉంటే 16తో మొదలుపెట్టొచ్చు, సోల్డర్ అయితే 32కు తగ్గకూడదు. ఏఐ సర్వర్ల గిరాకీ వల్ల 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి, కంపెనీలు చవక మోడళ్లలో మళ్లీ 8 అంటగడతాయేమోనని నా అనుమానం.

నాకు నిజంగా ఆశ పుట్టించింది ఎల్‌పీక్యామ్2 అనే కొత్త రకం ర్యామ్. అదే ఎల్‌పీడీడీఆర్, కాకపోతే స్క్రూలు విప్పి మార్చుకునే పలక మీద వస్తుంది. 2024లో లెనోవో థింక్‌ప్యాడ్ పీ1లో పెట్టింది. మామూలు మోడళ్లలోకి ఎప్పుడు దిగుతుందా అని చూస్తున్నాను.

ఇక పోర్టులు. నా దానికి హెచ్‌డీఎంఐ ఉంది, అదీ పాత 1.4. ఫోర్-కే మానిటర్ తగిలిస్తే 30 హెర్ట్జ్ దాటదు, అంటే సెకనుకు 30 సార్లే తెర మీద బొమ్మ మారుతుంది. మౌస్ బాణం జరగడానికి బదులు గెంతుతుంది, పేజీ కిందికి లాగితే అక్షరాలు అలుక్కుపోతాయి. కనీసం 2.0 ఉంటే 60 వచ్చేది. డబ్బా మీద మాత్రం ఉత్త ‘హెచ్‌డీఎంఐ’ అనే ఉంటుంది.

టైప్-సి గోల ఇంతకంటే పెద్దది. చూడ్డానికి అన్నీ ఒకటే, లోపల డేటా వేగం 480 ఎంబీపీఎస్ నుంచి, థండర్‌బోల్ట్ 5 అనే వేగవంతమైన రకం ఇచ్చే 80 జీబీపీఎస్ దాకా ఏదైనా ఉండొచ్చు. నాకున్న రెండూ ఎడమ పక్కనే. ఒకదాంట్లోనే మానిటర్ పనిచేస్తుంది, చార్జింగ్ కూడా అందులోనే. రోజూ చార్జర్ పెట్టి తీసి ఆ పోర్టు వదులైపోయింది, వైరు కాస్త కదిలితే చార్జింగ్ ఆగుతుంది, దాంతోపాటు అదే పోర్టుకు తగిలించిన హబ్ (ఒక పోర్టును పలు పోర్టులుగా మార్చే డబ్బా) మీదున్న మానిటర్ కూడా ఆరిపోతుంది. ఈ పోర్టు మెయిన్ బోర్డుకే అతికించి ఉంటే రిపేరు పెద్ద తతంగం. విడిగా చిన్న బోర్డు మీద ఉంటే ఆ ముక్క మార్చేస్తే సరిపోతుంది.

యూరోపియన్ యూనియన్‌లో 2026 ఏప్రిల్ 28 నుంచి కొత్త ల్యాప్‌టాప్‌లకూ టైప్-సి చార్జింగ్ తప్పనిసరి. టైప్-సి ద్వారా కరెంటిచ్చే యూఎస్‌బీ పవర్ డెలివరీ పద్ధతి ఇప్పుడు 240 వాట్ల దాకా ఇవ్వగలదు, కాబట్టి గేమింగ్ మెషీన్లు కూడా క్రమంగా ఇటే రావచ్చు. వస్తే మంచిదే, కానీ చార్జర్ పెట్టుకునే వీలు రెండు పక్కలా ఉండాలి. మెమరీ కార్డు పెట్టే ఎస్‌డీ స్లాట్ నాకు అక్కర్లేదు, కెమెరా వాడేవాళ్లకు కావాలి. ఆపిల్ మ్యాక్‌బుక్ ప్రోలో 2016లో తీసేసి 2021లో తిరిగి పెట్టింది కదా.

ఈసారి ఏ మోడల్ నచ్చినా ముందు దాని సర్వీస్ మాన్యువల్ పీడీఎఫ్ తెరుస్తాను. ర్యామ్ విప్పే పేజీ అందులో ఉందా లేదా, టైప్-సి ఏ బోర్డు మీద ఉంది అన్నవి ప్రకటనలో కంటే అక్కడే తేలతాయి.