సంయోగబీజాల లెక్క: నేరుగా జతలా, శాఖల పటమా?

బఠానీలో గింజ ఆకారం (గుండ్రం, ముడత), గింజ రంగు (పసుపు, ఆకుపచ్చ) రెండూ విషమయుగ్మజమైతే (జతలోని రెండు జన్యు రూపాలూ వేరువేరైతే) సంయోగబీజాలు, అంటే ఫలదీకరణలో కలిసే లైంగిక కణాలు, 4 రకాలే: గుండ్రం–పసుపు, గుండ్రం–ఆకుపచ్చ, ముడత–పసుపు, ముడత–ఆకుపచ్చ. వీటిని నేరుగా రాసేయొచ్చు. శాఖల పటం గీయడం అనవసర శ్రమ.

మొక్క ఎత్తు కూడా చేరితే మాత్రం శాఖలదే పైచేయి. నేరుగా రాస్తే 8 రకాల్లో ఏదో ఒకటి జారిపోతుంది, లేదా ఒకటే రెండుసార్లు పడుతుంది. ఇంకా పెద్ద తప్పు గుండ్రం, ముడత రెండిటినీ ఒకే సంయోగబీజంలో పెట్టడం. క్షయకరణ విభజనలో (క్రోమోజోమ్‌ల సంఖ్య సగమయ్యే కణ విభజనలో) ప్రతి జత నుంచి ఒక్క యుగ్మవికల్పమే, అంటే ఒక్క జన్యు రూపమే, సంయోగబీజంలోకి వెళ్తుంది. శాఖల్లో ఆ పొరపాటుకు చోటే ఉండదు: గుండ్రం నుంచి పసుపుకీ ఆకుపచ్చకీ చెరో గీత, వాటి కొసల నుంచి పొడవుకీ పొట్టికీ మళ్లీ చెరోటి, ముడతకీ అంతే. ఒక్కో దారిని చివరిదాకా చదివితే ఒక్కో సంయోగబీజం. సమయుగ్మజ జత (రెండు రూపాలూ ఒకటే అయినది) దగ్గర ఒకే గీత గీయాలి. రెండు గీస్తే రకాలు లేనిపోని రెట్టింపు అవుతాయి.

ఏది వాడినా, విషమయుగ్మజ జతలు ఎన్నో అన్ని 2లను ముందే హెచ్చవేసి చూసుకోవాలి. బఠానీలో మెండెల్ ఎంచుకున్న 7 లక్షణాలూ విషమయుగ్మజమైతే 128 వస్తుంది. జన్యువులు ఒకే క్రోమోజోమ్ మీద దగ్గరగా ఉంటే ఈ రకాలు సమానంగా రావు, జనక రకాలే (తల్లిదండ్రుల నుంచి వచ్చిన కలయికలే) ఎక్కువ.